జావా సర్వీస్‌ని క్లౌడ్‌లో నిలబెడదాం – 4వ భాగం: పాడ్‌లు పెంచే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

పోయిన భాగంలో ఎక్కడ ఆపామంటే, మన ఆర్డర్ సర్వీస్ ఇమేజ్ రిజిస్ట్రీలోకి ఎక్కింది, కంటైనర్లని నడిపించే కుబెర్నెటిస్‌లో డిప్లాయ్‌మెంట్ ఫైల్ రాసి రెండు పాడ్‌లు (నడిచే మన సర్వీస్ కాపీలు) లేపాం, హెల్త్ పేజీ కొడితే 'అప్' అని వచ్చింది. ఈసారి లోడ్ పెరిగితే పాడ్‌లు వాటంతటవే పెరగాలి, తగ్గితే తగ్గాలి. ఆటోస్కేలర్ ఫైల్ పదిహేను లైన్లు కూడా ఉండదు, కాపీ కొట్టి పెట్టేయొచ్చు, కానీ దానికి మన సర్వీస్ గురించి ఏమీ తెలీదండీ, మనం రాసిన అంకెలు చూసి గుడ్డిగా భాగహారం చేస్తుంది అంతే. అందుకే ముందు ఆ అంకెల సంగతి చూద్దాం.

మొదట మెమరీ. డిప్లాయ్‌మెంట్‌లో మెమరీ లిమిట్ 1 జీబీ అని రాశాం కదా, మనం ఇంకేమీ చెప్పకపోతే జేవీఎం (జావా ప్రోగ్రాంని నడిపే ఇంజిన్) అందులో నాలుగో వంతు మాత్రమే, అంటే 256 ఎంబీ హీప్‌కి (ప్రోగ్రాం ఆబ్జెక్టులు ఉండే చోటు) తీసుకుంటుంది. మిగిలిన దాంట్లో చాలా భాగం ఊరికే పడి ఉంటుంది, బిల్లు మాత్రం మొత్తానికీ కడతాం. ఇది చూసి కొందరు హీప్ కూడా 1 జీబీ అని పెట్టేస్తారు, అది ఇంకా ఘోరం, ఎందుకంటే జావా తినేది హీప్ ఒక్కటే కాదు, మెటాస్పేస్ (క్లాసుల వివరాలు) ఉంటుంది, జిట్ (నడుస్తుండగానే మెషీన్ కోడ్‌గా మార్చేది) కంపైల్ చేసిన కోడ్ ఉంటుంది, డైరెక్ట్ బఫర్లు (హీప్ బయట డేటా పెట్టుకునే చోటు) ఉంటాయి, ఒక్కో థ్రెడ్ స్టాక్‌కి 1 ఎంబీ దాకా పోవచ్చు, మన వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ డిఫాల్ట్‌గా 200 థ్రెడ్ల వరకు వెళ్తుంది. అన్నీ కలిసి లిమిట్ దాటగానే లైనక్స్ కెర్నల్ ప్రాసెస్‌ని చంపేస్తుంది.

అప్పుడు లాగ్‌లో ఏం కనపడుతుందో తెలుసా, ఏమీ కనపడదు. ఔట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ ఉండదు, స్టాక్ ట్రేస్ ఉండదు, ఏదో ఆర్డర్ ప్రాసెస్ చేస్తున్న లైన్ దగ్గర లాగ్ ఠక్కున ఆగిపోతుంది. కుబెర్నెటిస్ కమాండ్ టూల్ క్యూబ్‌సీటీఎల్‌తో పాడ్‌ని డిస్క్రైబ్ చేసి 'లాస్ట్ స్టేట్' దగ్గర చూడండి, రీజన్ 'ఓఓఎం కిల్డ్', ఎగ్జిట్ కోడ్ 137 అని ఉంటుంది. 137 అంటే 128 ప్లస్ 9, ఆ 9 సిగ్‌కిల్ (ప్రాసెస్‌ని వెంటనే చంపే సిగ్నల్) నంబరు, అది వచ్చాక జావాకి చివరి మాట చెప్పుకునే టైం కూడా ఉండదు.

నేనైతే 1 జీబీ లిమిట్‌కి 'మ్యాక్స్ ర్యామ్ పర్సంటేజ్' (లిమిట్‌లో హీప్‌కి ఎంత శాతం అనేది) 65 నుంచి 70 మధ్య పెట్టి మొదలుపెడతా, లోడ్ ఇచ్చి చూసి అటూ ఇటూ జరుపుతా. దీన్ని 'జావా టూల్ ఆప్షన్స్' ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఇస్తే మళ్ళీ ఇమేజ్ బిల్డ్ చేసే పని లేదు. ఇంకా జావా 8 మీద ఉన్నవాళ్ళు అప్‌డేట్ 191 కన్నా పాతదైతే ముందు అది మార్చండి, అంతకు ముందువాటికి కంటైనర్ లిమిట్ సరిగ్గా తెలీదు, మొత్తం మెషీన్ మెమరీ చూసి హీప్ సైజు లెక్కేసుకుంటాయి.

తర్వాత ప్రోబ్‌లు, అంటే పాడ్ బాగుందా అని కుబెర్నెటిస్ చేసే చెక్‌లు. రెడీనెస్ ఫెయిలైతే పాడ్‌కి ట్రాఫిక్ ఆగుతుంది, లైవ్‌నెస్ ఫెయిలైతే కంటైనర్ రీస్టార్ట్ అవుతుంది, తేడా ఇంతే, కానీ ఈ తేడా నాకు ఎక్కడానికి ఒక రాత్రి నిద్ర పోయింది. అప్పట్లో నేను లైవ్‌నెస్‌కి మొత్తం హెల్త్ యూఆర్ఎల్ ఇచ్చేశా, అందులో డేటాబేస్ చెక్ కూడా కలిసి ఉంది. ఒకరోజు డేటాబేస్ ఓ రెండు నిమిషాలు నెమ్మదించింది. ప్రోబ్ డిఫాల్ట్ టైమౌట్ 1 సెకను, పది సెకన్లకోసారి చెక్, వరుసగా మూడుసార్లు పోతే రీస్టార్ట్. అరనిమిషంలో బాగున్న పాడ్‌లన్నీ ఒకేసారి రీస్టార్ట్ అయ్యాయి, లేస్తూనే అన్నీ కలిసి కొత్త కనెక్షన్ల కోసం అదే డేటాబేస్ మీద పడ్డాయి, అది ఇంకా కుంగింది, మళ్ళీ రీస్టార్ట్. డేటాబేస్ రెండు నిమిషాల్లో తేరుకునేదే, మేం గంటన్నర పట్టించాం. కాబట్టి లైవ్‌నెస్‌లో బయటి వస్తువు ఏదీ వద్దు. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో 2.3 నుంచి లైవ్‌నెస్‌కి, రెడీనెస్‌కి విడివిడి యూఆర్ఎల్‌లు ఉన్నాయి, అవే వాడండి. జావా లేచేటప్పుడు సీపీయూ బాగా లాగుతుంది, సీపీయూ లిమిట్ అర కోర్ ఇచ్చారంటే ల్యాప్‌టాప్‌లో చిటికెలో లేచేది ఇక్కడ ఈడ్చుకుంటూ లేస్తుంది, లేచేలోపే లైవ్‌నెస్ చంపేయకుండా స్టార్టప్ ప్రోబ్ ఒకటి కూడా పెట్టండి.

ఇప్పుడు ఆటోస్కేలర్. సీపీయూ రిక్వెస్ట్ (పాడ్‌కి కేటాయించమని అడిగేది) 500 మిల్లీకోర్లు, అంటే అర కోర్, టార్గెట్ 60 శాతం అని రాశామనుకోండి. ఈ శాతం లిమిట్ మీద కాదు, రిక్వెస్ట్ మీద, అంటే ఒక్కో పాడ్ సగటున 300 మిల్లీకోర్లు వాడేలా చూడు అని అర్థం. అసలు రిక్వెస్ట్ రాయకపోతే టార్గెట్ పక్కన 'అన్‌నోన్' అని కూర్చుంటుంది, ఎంత లోడ్ వచ్చినా కదలదు. పాడ్‌ల సీపీయూ వాడకం కొలిచి ఇచ్చే మెట్రిక్స్ సర్వర్ లేకపోయినా అదే కథ. ఇప్పుడు 3 పాడ్‌లు సగటున 90 శాతంలో ఉన్నాయి, 3 ఇంటూ 90 బై 60, నాలుగున్నర వస్తుంది, పైకి సవరించి 5 పాడ్‌లు. పదిహేను సెకన్లకోసారి ఇదే లెక్క. తగ్గించేటప్పుడు మాత్రం గత 300 సెకన్లలో వచ్చిన పెద్ద అంకెనే పట్టుకుంటుంది, అందుకే లోడ్ పోయినా పాడ్‌లు వెంటనే తగ్గవు, కంగారు పడకండి.

జావాతో ఒక పేచీ ఉంది. కొత్త పాడ్ రెడీ అయిన కాసేపు జిట్ కంపైలర్ పనికే సీపీయూ బాగా పోతుంది, అది నిజమైన లోడ్ కాదు, కానీ ఆటోస్కేలర్‌కి ఆ తేడా తెలీక ఇంకో రెండు లేపొచ్చు, అవి కూడా వేడెక్కుతూ సీపీయూ లాగుతాయి. ఇలా ఎగబాకుతుంటే స్కేలప్ పాలసీలో నిమిషానికి 2 పాడ్‌లకి మించొద్దు అని రాసేయండి.

ఇక చాలామంది మర్చిపోయేది డేటాబేస్ కనెక్షన్లు. హికారీ పూల్ (ఒక్కో పాడ్ తెరిచి ఉంచుకునే కనెక్షన్ల గుంపు) డిఫాల్ట్ 10, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 100, అందులో 3 సూపర్‌యూజర్‌కి పక్కన పెట్టేస్తుంది, మనకి మిగిలేవి 97. ఇంకెవరూ ఆ డేటాబేస్ వాడట్లేదనుకున్నా 9 పాడ్‌ల దాకా ఓకే, పదోది ఏడు కనెక్షన్లు తీసుకుని ఎనిమిదో దాని దగ్గర 'రిమెయినింగ్ కనెక్షన్ స్లాట్స్ ఆర్ రిజర్వ్డ్' అని తన్నులు తింటుంది. సరే, మ్యాక్స్ 8 పాడ్‌లు పెట్టుకుంటే గొడవ ఉండదు కదా అంటారా, రోజూ ఉండదు, కొత్త వెర్షన్ వదిలిన రోజు ఉంటుంది. రోలింగ్ అప్‌డేట్‌లో (పాత పాడ్‌లని కొన్ని కొన్నిగా మార్చడం) మ్యాక్స్ సర్జ్, అంటే అదనంగా లేపే పాడ్‌లు, డిఫాల్ట్ 25 శాతం, ఎనిమిదికి ఇంకో రెండు, పాతవీ కొత్తవీ కలిసి పది. అందుకే మ్యాక్స్ పాడ్‌లకి సర్జ్ కలిపి, దాన్ని పూల్ సైజుతో గుణించి చూడాలి. మ్యాక్స్ 12 కావాలంటే సర్జ్ 3, మొత్తం 15, పూల్ 6 పెడితే 90, సరిపోయింది. పూల్ 6 అంటే తక్కువ కదా అని భయపడకండి, క్వెరీలు చిన్నవైతే ఆరు కనెక్షన్లతో చాలా పని లాగొచ్చు.

ఈ వారం పని: మెమరీ లిమిట్ 1 జీబీ పెట్టి, హీప్‌ని కావాలనే 100 శాతం చేసి, కే6 అనే లోడ్ టెస్ట్ టూల్‌తో లోడ్ ఇచ్చి ఆ 137ని ఒక్కసారి మీ కళ్ళతో చూడండి. ఒక్కోసారి వెంటనే రాదు, లోడ్ పెంచుతూ పోండి. తర్వాత 70కి దించి, ఆటోస్కేలర్ పెట్టి, ఇంకో టెర్మినల్‌లో క్యూబ్‌సీటీఎల్ గెట్ హెచ్‌పీఏకి (హెచ్‌పీఏ అంటే మన ఆటోస్కేలరే) వాచ్ తగిలించి పాడ్‌లు పెరగడం చూస్తూ కూర్చోండి. తగ్గేటప్పుడు కే6 రిపోర్టులో కొన్ని రిక్వెస్టులు ఫెయిలైనట్టు కనపడితే ఆ రిపోర్ట్ దాచిపెట్టుకోండి, పాడ్‌కి సిగ్‌టర్మ్ (ఇక ఆగు అనే సిగ్నల్) వచ్చాక దొరికే ఆ 30 సెకన్లలో జావా ఏం చేయాలో 5వ భాగంలో దాని మీదే పని చేస్తాం.