ట్రయల్ బ్లౌజ్ సరిగ్గా కూర్చోవడం లేదా? ప్యాటర్న్ మార్చే ముందు ఇవి చూడండి

ట్రయల్ బ్లౌజ్ అంటే అసలు గుడ్డ కత్తిరించే ముందు మిగులు గుడ్డతో కుట్టి వేసుకుని చూసేది. ప్యాటర్న్ అంటే కత్తిరింపుకు వాడే కాగితం నమూనా.

చంక పట్టేస్తోంది: వెంటనే చంకను లోతుగా కత్తిరించకండి. చంక చుట్టూ కుట్టు కోసం వదిలిన గుడ్డ ఇంకా అలాగే ఉందేమో చూడండి. గాట్లు లేకుండా అలా ఉన్నంతసేపూ పట్టేస్తూనే ఉంటుంది. కుట్టు గీత దాకా సెంటీమీటరుకో గాటు పెట్టి మళ్లీ వేసుకోండి. నేను చూసిన చంక బిగుతుల్లో ఎక్కువ భాగం అక్కడితోనే తీరిపోయాయి. ఇది చూడకుండా చంక దించితే చెయ్యి ఎత్తినప్పుడల్లా బ్లౌజ్ మొత్తం పైకి లేస్తుంది.

ఛాతీ దగ్గర అడ్డంగా లాగుతోంది: అక్కడ గుడ్డ చాలలేదు. పక్క కుట్టు విప్పి, ఎంత తెరుచుకుందో కొలిచి అంత కలపండి.

ఒక వైపే ఏటవాలు ముడతలు, పక్క కుట్టు ముందుకు తిరగడం: నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఒకసారి కుడి భుజం కిందికి ఉందనుకుని ప్యాటర్న్‌లో ఆ భుజం దించాను. అసలు గుడ్డ మీద కుట్టాక ముడతలు ఎడమ వైపు తేలాయి. భుజాలు రెండూ సమానమే. ట్రయల్‌కి వాడిన మిగులు ముక్కను పోగు చూడకుండా కత్తిరించాను, తప్పంతా అక్కడే. పడుగు (గుడ్డలోని నిలువు పోగు) వంకరగా పడితే గుడ్డ ఒంటి మీద మెలి తిరుగుతుంది, చూసేవాళ్లకు అది ఒంటి తేడాలాగే కనిపిస్తుంది.

అందుకే ప్యాటర్న్ మీది నిలువు గీత రెండు చివరల నుంచీ గుడ్డ నేత అంచుకు దూరం కొలవండి, రెండూ సమానంగా ఉండాలి. నేత అంచు లేని ముక్కైతే ఒక పేక పోగు (అడ్డ పోగు) లాగేయండి, అది వదిలిన సన్నని గీతే మీకు అడ్డ గీత. కత్తిరించాక ముందు ముక్కల మీద నడుమ నిలువుగా, ఛాతీ దగ్గర అడ్డంగా, పోగు వెంటే పెన్నుతో గీతలు గీయండి. వేసుకున్నప్పుడు అడ్డ గీత ఒక వైపు వాలితే అప్పుడే భుజాన్ని అనుమానించండి. ఆ వైపు భుజం కుట్టు విప్పి, గీత నేలకు సమాంతరమయ్యే దాకా సర్ది పిన్ను పెట్టండి. కత్తిరించిన ముక్కలో ప్యాటర్న్ నిలువు గీత పోగు వెంట పడకపోతే ఆ ముక్క పక్కన పడేసి కొత్తది కత్తిరించండి. ప్యాటర్న్ జోలికి వెళ్లొద్దు.

ట్రయల్ బాగుండి అసలుది బిగుతైతే: అసలు గుడ్డను తడిపి ఆరబెట్టకుండానే కత్తిరించి ఉంటారు, లేదా ట్రయల్ గుడ్డ దానికంటే సాగేదై ఉంటుంది.

దారం టెన్షన్ (బిగువు) ఎక్కువైనా కుట్టు ముడుచుకుంటుంది. ట్రయల్‌లో కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లు పెట్టుకోండి, విప్పడమూ తేలిక.