స్థలం కొనే ముందు, తాకట్టు పెట్టుకునే ముందు ఈసీ, లింక్ డాక్యుమెంట్లు చూడటం ఎలా?

"ఈసీ క్లీన్‌గా ఉందండీ, ఇంకేం చూస్తారు?" అని బ్రోకర్ అనగానే అడ్వాన్సు చేతిలో పెట్టేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈసీ అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక. ప్లాటు కొనేవాళ్ల సంగతి సరే, డెవలప్‌మెంటుకు స్థలం తీసుకునే బిల్డర్లు, ఇల్లు తాకట్టు పెట్టుకుని అప్పిచ్చేవాళ్లు కూడా ఇదే పని చేస్తుంటే బాధగా ఉంటుంది. ఈ కాగితాలు చూడటమే నా పని. నా దగ్గరికి గొడవలతో వచ్చినవాళ్లలో చాలామంది ఈసీ తీసుకున్నవాళ్లే. దాన్ని సరిగ్గా వెతికించలేదు, వచ్చినదాన్ని చదవలేదు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎవరైనా ఇలా చూసుకోవచ్చు.

1. కాగితాలు తెప్పించుకోండి

అమ్మే మనిషి దస్తావేజు ఒరిజినల్, దానికి ముందున్న లింక్ డాక్యుమెంట్లు (ఆ స్థలం అంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు), ఇంటి పన్ను రసీదులు, మంజూరైన ప్లాను. సాగుభూమి అయితే పాస్‌బుక్, పహాణీ లేదా అడంగల్ (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చూపే రెవెన్యూ రికార్డు). 30 ఏళ్ల వెనక్కి వెళ్లాలి. తాకట్టు పెట్టినవాడు దాన్ని విడిపించుకోవడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు 30 ఏళ్లు కాబట్టే బ్యాంకులు కూడా అంత వెనక్కి అడుగుతాయి. జిరాక్సులతో పని మొదలుపెట్టకూడదు. ఒరిజినల్స్ చూపించనంటే అక్కడితో ఆపేయండి.

2. చేతులు మారిన గొలుసును ఒక కాగితం మీద రాయండి

అన్నిటికంటే పాత దస్తావేజు పైన రాయండి. ఎవరు, ఎవరికి, ఏ హక్కుతో ఇచ్చారు, దస్తావేజు నంబరు, సంవత్సరం, విస్తీర్ణం, నాలుగు హద్దులు. ఇది చేత్తోనే రాయాలి. రాస్తున్నప్పుడే లెక్క తేడాలు పట్టుబడతాయి: 500 గజాలు కొన్న మనిషి ఒకరికి 300, ఇంకొకరికి 250 అమ్మేసి ఉంటాడు. దస్తావేజులు విడివిడిగా చదివితే రెండూ సరిగ్గానే కనిపిస్తాయి.

3. ఈసీ తీయడం, చదవడం

ఇక్కడ తొందరపడొద్దు. ఈసీ అంటే, మీరు ఇచ్చిన వివరాలతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఇండెక్సులో వెతికితే దొరికిన దస్తావేజుల పట్టిక. హక్కు ఎవరిదో అది చెప్పదు. మీరు ఇచ్చిన వివరం తప్పయితే వచ్చే జవాబూ తప్పే.

అందుకే ఖాళీగా వచ్చిన నిల్ ఈసీ చూసి సంతోషించకండి. అమ్మే మనిషి 2009లో కొన్నానంటున్నాడు, ఆ కొనుగోలు కూడా ఈసీలో లేదు. అంటే స్థలం మీద లావాదేవీలు లేవని కాదు, వేరే నంబరు మీద వెతికారని. ఇంత స్పష్టంగా ఉన్న సూచనను కూడా చూడకుండా సంతకాలు పెట్టేస్తున్నారు.

ఒకే స్థలానికి కనీసం నాలుగు రకాలుగా వెతికించండి. దస్తావేజు నంబరుతో ఒకసారి. సర్వే నంబరుతో ఒకసారి, అందులోనూ 45 అని ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా 45/1, 45/ఎ, 45/పి లాంటి సబ్‌డివిజన్లన్నీ విడిగా ఇవ్వాలి. ప్లాటు నంబరుతో ఒకసారి. ఇంటి నంబరుతో ఒకసారి, పాత నంబరూ కొత్త నంబరూ రెండూ. శివారు పల్లె పేరు కాకుండా రెవెన్యూ గ్రామం పేరు ఇవ్వండి. ఆ ఊరు మధ్యలో వేరే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు కిందికి మారిందేమో అడగండి. మారి ఉంటే రెండు చోట్లా తీయాలి. ఆన్‌లైన్‌లో సాధారణంగా 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది ఆఫీసులో పాత ఇండెక్సులు చూపించుకోవాల్సిందే. తెలంగాణలో 2020 చివరి నుంచి సాగుభూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ ఆఫీసులో జరుగుతున్నాయి కాబట్టి పాత పద్ధతి ఈసీ ఒక్కటే చూస్తే ఆ తర్వాతి లావాదేవీలు తప్పిపోతాయి.

వచ్చినదాన్ని ప్రింటు తీసి, గొలుసు కాగితం పక్కన పెట్టుకుని, గొలుసుతో సరిపోయిన ఒక్కో ఎంట్రీకి ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టండి. ఫోన్‌లో చదివితే ఈ పని కాదు. పార్టీల గడిలో పేరు పక్కన ఈఎక్స్ అని ఉంటే రాసిచ్చినవాళ్లు, సీఎల్ అంటే రాయించుకున్నవాళ్లు, ఎంఆర్ అంటే తాకట్టు పెట్టినవాళ్లు, ఎంఈ అంటే పెట్టుకున్నవాళ్లు.

టిక్కు పడని ఎంట్రీ ఏదైనా సరే, సర్టిఫైడ్ కాపీ తెప్పించి చదవాలి. "అది పక్క ప్లాటుదిలెండి" అన్న మాట వినొద్దు. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకం నుంచి కాపీ అడిగే హక్కు 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఎవరికైనా ఉంది. తాకట్టు ఎంట్రీ ఉంటే, దాని తర్వాత రిలీజ్ (తాకట్టు విడిపించిన) ఎంట్రీ ఉండాలి. బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన నో డ్యూ లెటర్ చూపిస్తే ఒప్పుకోకండి, రిలీజ్ రిజిస్టర్ చేయించమనండి. పాత అమ్మకం అగ్రిమెంటు గానీ, అగ్రిమెంట్ కమ్ జీపీఏ (జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తన తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) గానీ కనిపిస్తే, ఇద్దరూ సంతకాలు పెట్టి రద్దు చేసుకున్న దస్తావేజు అడగండి. ఫ్లాట్ల విషయంలో, ప్లాను మంజూరు కోసం బిల్డరు కొంత భాగాన్ని మున్సిపాలిటీకి తాకట్టు పెట్టి ఉంటాడు. మీ ఫ్లాటు ఆ భాగంలో లేదని నంబర్లు చూసి నిర్ధారించుకోండి.

4. ఈసీలో కనపడనివి

వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి, ఈసీలో రావు. తండ్రి పోయాక పిల్లలకు వచ్చిన వారసత్వం రాదు. కోర్టులో నడుస్తున్న దావా రాకపోవచ్చు. దావా నడుస్తుండగా కొన్నవాళ్లు, దాని సంగతి తెలియకపోయినా, తీర్పుకు కట్టుబడాల్సిందేనని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. అందుకే కోర్టు కేసుల వెబ్‌సైట్ ఈకోర్ట్స్‌లో అమ్మేవాళ్ల పేర్లతో వెతకండి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) అయితే 1977 చట్టం కింద సాధారణంగా అమ్మకమే చెల్లదు కాబట్టి రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద ఉన్న నిషేధిత జాబితా తప్పకుండా చూడండి.

అప్పిచ్చేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒరిజినల్ దస్తావేజు అప్పగించి చేసే తాకట్టుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అంటే ఈసీకి ఎక్కకుండానే ఆస్తి ఇంకొకరి దగ్గర కుదువలో ఉండొచ్చు. ఒరిజినల్స్ విషయంలో నేను మొండిగా ఉండేది ఇందుకే. బ్యాంకుల తాకట్లు నమోదయ్యే సెర్సాయ్‌లో కూడా ఆస్తి వివరాలతో, యజమాని పేరుతో వెతకండి.

పిత్రార్జితం అయితే కుటుంబ వృక్షం గీయండి, ఆడపిల్లలందరి పేర్లూ రాయండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో కేంద్రం చేసిన సవరణ తర్వాత పెళ్లయినవాళ్లకూ వచ్చింది, తండ్రి 2005కు ముందే పోయినా హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలు, రిజిస్టరైన భాగపరిష్కారాలు మాత్రం కదలవు. "అక్కకి కట్నం ఇచ్చి పంపేశాం" అన్న మాట కోర్టులో నిలవదు. ఆమె సంతకం తీసుకోండి.

జీపీఏ మీద అమ్ముతుంటే, రాసిచ్చినవాళ్లు బతికే ఉన్నారని నేరుగా మాట్లాడి తెలుసుకోవాలి. జీపీఏ ఒక్కటే చేతిలో ఉంటే యాజమాన్యం మారినట్టు కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

5. రిజిస్ట్రేషన్ రోజు

ఆ రోజు పొద్దున్నే మళ్లీ ఈసీ తీయండి. నెల కిందటిది ఉంది కదా అనుకోవద్దు. మీ దస్తావేజు స్కాన్ అయ్యాక ఇంకోసారి తీసి, అందులో మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు అక్షరం అక్షరం సరిచూడండి. తప్పు పడితే సవరణ దస్తావేజు ఆ వారంలోనే రాయించుకోండి, ఆలస్యమైతే అమ్మినవాళ్లను సంతకానికి రప్పించడం చాలా కష్టం.