రక్షిత కట్టడం పక్కన ఇల్లు: మరమ్మతుకు, కొత్త నిర్మాణానికి ఎన్ఓసీ దరఖాస్తు విధానం

వరంగల్ కోట, గోల్కొండ, చార్మినార్, లేపాక్షి, ఉండవల్లి గుహలు, ద్రాక్షారామం భీమేశ్వరాలయం... వీటన్నిటి చుట్టూ కాపురాలున్నాయి. వానాకాలంలో పెంకులు కురుస్తాయి, పిల్లలు పెద్దయితే పైన ఒక గది కావాల్సి వస్తుంది, ప్రభుత్వ ఇల్లు మంజూరవుతుంది. ఈ పనుల్లో ఏదైనా సరే, కేంద్ర పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 300 మీటర్లలోపు అయితే పంచాయతీ, మున్సిపాలిటీ అనుమతి ఒక్కటే చాలదు. జాతీయ స్మారక చిహ్నాల ప్రాధికార సంస్థ, అంటే ఎన్ఎంఏ, సిఫారసు మీద వచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) ఉండాలి. దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టడం గంట పని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: మీ స్థలం ఏ గీతకు ఇవతల ఉంది, మీరు చేయబోయే పనిని చట్టం ఏమని పిలుస్తుంది. తిరస్కరణలు ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే మొదలవుతాయి.

ముందు గీత

ప్రాచీన స్మారక చిహ్నాల చట్టం 1958 నాటిది. 2010లో దాన్ని సవరించి గట్టిపరిచారు. రక్షిత హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం, అక్కడినుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం.

కొలత ఎక్కడ మొదలవుతుందన్నది చాలామంది పొరబడే చోటు. గోపురం నుంచో, గర్భగుడి నుంచో టేపు పట్టకూడదు. పురావస్తు శాఖ రక్షితమని ప్రకటించిన ప్రాంతపు హద్దు నుంచి కొలవాలి. గుడి చుట్టూ ఖాళీ స్థలం, మండపం, కోనేరు కూడా ఆ హద్దులో ఉంటే అవన్నీ దాటాకే లెక్క మొదలు. కోటల దగ్గర తేడా ఇంకా ఎక్కువ. గోల్కొండలో కొండమీది లోపలి కోట బాలాహిస్సార్ కంటికి దూరంగా కనబడిందని ధైర్యపడితే ప్రాకారం పక్కనే ఉండొచ్చు. హద్దు ఎక్కడిదాకా అన్నది పురావస్తు శాఖ దగ్గరున్న సైట్ ప్లానే చెబుతుంది. తెలంగాణలో హైదరాబాద్ సర్కిల్, ఆంధ్రప్రదేశ్‌లో అమరావతి సర్కిల్ కింది ఉప కార్యాలయాల్లో అడిగి చూడండి.

దూరం గాలిగీతలో లెక్క. రోడ్డు వెంట నడిస్తే 400 మీటర్లు వచ్చే ఇల్లు గాలిగీతలో 180 మీటర్లే ఉండొచ్చు. బిక్కవోలులా ఒకే ఊళ్లో నాలుగైదు రక్షిత గుళ్లుంటే ప్రతి గుడి నుంచీ విడిగా చూడాలి.

తొలి అంచనాకు ఎన్ఎంఏ వారి స్మారక్ యాప్ ఉంది. హైదరాబాద్‌లోని ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ సాయంతో తయారైంది. మీ స్థలం మూలల దగ్గర నిలబడి పాయింట్లు గుర్తిస్తే ఏ ప్రాంతంలో పడుతుందో చూపిస్తుంది. కాకపోతే ఇరుకు సందుల్లో ఫోన్ జీపీఎస్ ఐదు పది మీటర్లు అటూ ఇటూ పోతుంది. 150 మీటర్లో, 220 మీటర్లో వస్తే ఆ తేడా లెక్కలోకి రాదు. 95 నుంచి 105 మధ్య వస్తే మాత్రం లైసెన్సు ఉన్న సర్వేయరు చేత టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతో కొలిపించుకోండి. తర్వాత పడే కోర్టు ఖర్చు ముందు ఆ ఖర్చు ఏపాటి? స్థలంలో కొంత భాగం 100 మీటర్లలోపు, కొంత బయట పడితే ఆ గీతను ప్లాను మీద గీయించి, కొత్త కట్టడమంతా మెట్లతో, సెప్టిక్ ట్యాంకుతో సహా గీతకు అవతలే చూపించాలి.

ఇంకో సంగతి. ఈ 100, 200 మీటర్ల నిబంధన కేంద్ర రక్షిత కట్టడాలకే. కుతుబ్‌షాహీ సమాధుల్లాంటివి రాష్ట్ర శాఖ కింద ఉన్నాయి, వాటికి రాష్ట్ర చట్టం వేరు. కట్టడం దగ్గర పాతిన బోర్డు చదవండి. 1958 చట్టం పేరు ఉంటే కేంద్రానిది.

మీ పనికి చట్టం పెట్టిన పేరు

చట్టంలో మూడు మాటలున్నాయి. నిర్మాణం అంటే కొత్తగా కట్టడం, ఉన్నదానికి పక్కకి గానీ పైకి గానీ పెంచడం. పునర్నిర్మాణం అంటే పాతది తీసేసి అదే పొడవు, వెడల్పు, ఎత్తులో మళ్లీ కట్టడం. మరమ్మతు, నవీకరణ అంటే ఉన్న ఇంట్లో మార్పులు, పై రెండింటిలోకీ రానివి.

నియంత్రిత ప్రాంతంలో మూడింటికీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. నిషిద్ధ ప్రాంతంలో మరమ్మతు, నవీకరణలకే దారి ఉంది. అదీ 1992 జూన్ 16కి ముందు ఉన్న ఇల్లయినా, ఆ తర్వాత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ అనుమతితో కట్టిందయినా అయితేనే. ఆ గీతలోపల ఇల్లు పునాది దాకా కూల్చి అచ్చం అలాగే కడతామన్నా కుదరదు. ‘కొలత ఒక్క అంగుళం పెంచలేదు కదా’ అనే వాదన పునర్నిర్మాణం అనే మాట దగ్గరే వీగిపోతుంది.

పనిని దరఖాస్తులో ఎలా రాస్తారన్నది అందుకే ముఖ్యం. ‘ఇంటి అభివృద్ధి పనులు’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు, వివరణ కోరుతూ వెనక్కి వస్తుంది. ‘వంటగది, హాలు పైకప్పులో పుచ్చిన వాసాలు, పెంకులు మార్చడం, తూర్పు గోడకు 40 చదరపు మీటర్ల ప్లాస్టరింగ్, రెండు తలుపుల మార్పు, గోడల ఎత్తులో, ఇంటి విస్తీర్ణంలో మార్పు లేదు’ అని రాయండి. పెంకులు తీసి స్లాబు వేస్తామంటే ఇది మరమ్మతా, కొత్త కట్టడమా అన్న ప్రశ్న తప్పదు. మట్టి గోడ స్లాబు మోయదు, కొత్త పిల్లర్లు లేపాలి, ఎత్తు మారుతుంది, అక్కడితో అది మరమ్మతు కాకుండా పోతుంది. నిషిద్ధ ప్రాంతంలో పాత పెంకుటిల్లు ఉన్నవారికి మా సలహా, వాసాలు మార్చి పెంకులు తిరగనేయించుకోండి. ఎండాకాలం ఆ కప్పు కింద స్లాబు కన్నా చల్లగానే ఉంటుంది. ఇప్పటికే స్లాబున్న ఇల్లయితే పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించడం మరమ్మతు పరిధి దాటని పని. తెలంగాణ 2023-28 కూల్ రూఫ్ విధానం ప్రోత్సహిస్తున్నదీ అదే.

సోలార్ పలకల సంగతి వేరు. స్లాబుకు ఆనించి బిగించేవాటితో పెద్ద చిక్కుండదు. కింద నడిచేంత ఎత్తులో ఇనుప స్టాండు వేసి షెడ్డులా చేస్తే పైకి పెంచినట్టు లెక్కపడే వీలుంది. ఎత్తుతో సహా ప్లానులో చూపి అడగడమే మేలు.

బాత్‌రూమ్ విషయంలోనూ ఒక అపోహ ఉంది. చట్టంలో మరుగుదొడ్లకు మినహాయింపు ఉన్న మాట నిజమే గానీ, అది పబ్లిక్ మరుగుదొడ్లకు, మురుగు కాలువలకు. పెరట్లో సొంతానికి కట్టుకునేది పక్కకి పెంచిన నిర్మాణమే.

కాగితాలు

యాజమాన్యానికి రిజిస్టర్డ్ దస్తావేజు, గుర్తింపు కార్డు. గ్రామకంఠంలో దస్తావేజు లేని ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి అక్కడ ఇంటి పన్ను రసీదులు, రెవెన్యూ వారి పొజిషన్ సర్టిఫికెట్ జోడించాలి. తాత పేరున ఉన్న ఇంటికి మనవడు దరఖాస్తు పెడితే వారసత్వ పత్రం, మిగతా వాటాదారుల సమ్మతి లేకుండా ముందుకు సాగదు. కొలతలన్నీ చదరపు మీటర్లలోకి మార్చండి: గజం 0.836, సెంటు 40.47. అంకణం ప్రాంతాన్ని బట్టి మారుతుంది, అలాగే రాస్తే పనికిరాదు.

నిషిద్ధ ప్రాంతమైతే అసలు పరీక్ష ఇల్లు 1992 జూన్ 16కి ముందుదని రుజువు చేయడం. అంతకు ముందరి ఇంటి పన్ను రసీదు, కరెంటు సర్వీసు మంజూరు కాగితం, పాత దస్తావేజు పనికొస్తాయి. దస్తావేజులో షెడ్యూలు చదవండి. ‘మధ్య మంగుళూరు పెంకుటిల్లు, ఒక బావి’ అని ఉంటే బంగారం. ‘ఖాళీ నివేశన స్థలం’ అని ఉంటే ఆ తేదీకి ఇల్లు లేదని మీరే రాసిచ్చినట్టు. 1983 నుంచి ఈసీ, అంటే రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆన్‌లైన్లో దొరుకుతుంది గానీ అది లావాదేవీలను చెబుతుంది, ఇల్లుందో లేదో దాంతో ఒక్కదాంతోనే తేలదు.

ఫొటోలు నాలుగు వైపులా తీయాలి. ఒక్కటైనా ఇల్లూ కట్టడమూ ఒకే ఫ్రేములో పడేలా ఉండాలి. పాడైన చోటు దగ్గరగా: పుచ్చిన వాసం, పగిలిన గోడ, బయటపడ్డ ఇనుము. గూగుల్ ఎర్త్ చిత్రంలో రక్షిత హద్దు నుంచి మీ స్థలానికి దూరం గీసి చూపాలి. ఆర్కిటెక్టు గానీ లైసెన్సు ఉన్న ఇంజినీరు గానీ సంతకం చేసిన ప్లాను, సెక్షను, ఎలివేషను జతచేయాలి.

ఎత్తును రెండు రకాలుగా అడుగుతారు: పిట్టగోడ, మెట్ల హెడ్‌రూమ్, నీళ్ల ట్యాంకు మినహాయించి ఒకటి, అన్నీ కలిపి మరొకటి. రెండంతస్తుల మామూలు ఇల్లు తీసుకోండి. బేస్‌మెంట్ 0.6 మీటర్లు, స్లాబుతో కలిపి ఒక్కో అంతస్తు 3.15, అంటే 6.9. దానిపై హెడ్‌రూమ్ 2.4, దానిమీద ట్యాంకు 1.5 కలిపితే 10.8. చాలా ప్లాన్లలో రెండు చోట్లా 6.9 అనే ఉంటుంది. తర్వాత ట్యాంకు లేచినప్పుడు అనుమతి మించినట్టవుతుంది. ఆ కట్టడానికి విడిగా వారసత్వ ఉపనిబంధనలు (హెరిటేజ్ బైలాస్) ఖరారై ఉంటే ఎత్తు పరిమితి అందులోనే ఉంటుంది, ప్లాను గీయించే ముందే చూసుకోండి. ఎత్తు తగ్గించాలంటే ట్యాంకును హెడ్‌రూమ్ మీద కాక స్లాబు మీదే పెట్టడం తేలికైన దారి.

దరఖాస్తు, ఆ తర్వాత

ఎన్ఎంఏ వెబ్‌సైట్‌లోని ఎన్ఓఏపీఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో మొబైల్ నంబరుతో ఖాతా తెరవాలి. రాష్ట్రం, జిల్లా, కట్టడం ఎంచుకుని, పని స్వభావం, దూరం, అంతస్తులు, ఎత్తు, అంతస్తువారీ విస్తీర్ణం, చుట్టుపక్కల ఉన్న ఇళ్ల ఎత్తు, పని మొదలయ్యే తేదీ, పట్టే కాలం నింపాలి. చివరికి వచ్చే నంబరు దాచుకోండి.

దరఖాస్తు మొదట చేరేది కాంపిటెంట్ అథారిటీకి. పురావస్తు శాఖ డైరెక్టర్ లేదా కమిషనర్ హోదాకు తగ్గని అధికారి అన్నమాట. 15 రోజుల్లో ఆయన దాన్ని ఢిల్లీలోని ఎన్ఎంఏకు పంపాలి. ఎన్ఎంఏ రెండు నెలల్లో సిఫారసు చెప్పాలి. అది అందిన నెలలోపు కాంపిటెంట్ అథారిటీ ఉత్తర్వు ఇవ్వాలి. ఈ గడువులు పూర్తి దరఖాస్తుకే అనుకోండి. చదవడానికి రాని స్కాను ఒక్కటి చాలు, వారాలు పోతాయి. జూన్ వానలకు ముందు కప్పు పని ముగియాలంటే సంక్రాంతికే దరఖాస్తు పడి ఉండాలి.

స్థల తనిఖీకి వచ్చేసరికి పని మొదలుపెట్టి ఉండకూడదు. ఇసుక, ఇటుక దింపినా అనుమానంగానే చూస్తారు. కప్పు కూలేలా ఉంటే సర్వీ కర్రలు పోటు పెట్టి, టార్పాలిన్ కప్పి, తేదీ పడే ఫొటోలు తీసి దరఖాస్తుకు జతచేయండి.

తిరస్కరించేముందు మీ మాట వినాలని చట్టం చెబుతోంది. ఆ అవకాశానికి వెళ్లేటప్పుడు సర్వేయరు కొలత, పాత రసీదులు అసలువి పట్టుకెళ్లండి. ఉత్తర్వు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఆ తర్వాత హైకోర్టుకు వెళ్లాలన్నా అదే కావాలి.

ఇంటి పథకాలు, ప్లాను అనుమతులు

ఇందిరమ్మ ఇల్లయినా, పీఎం ఆవాస్ యోజన అయినా మంజూరు పత్రం ఎన్ఓసీకి బదులు కాదు. తెలంగాణలో ఇందిరమ్మ పథకం కింద బేస్‌మెంట్ పూర్తయ్యాకే తొలి లక్ష వస్తుంది. అప్పుచేసి బేస్‌మెంట్ లేపాక నోటీసు వస్తే ఇల్లూ ఆగుతుంది, మిగతా విడతలూ ఆగుతాయి. పాత ఇల్లు నిషిద్ధ ప్రాంతంలో ఉంటే కూల్చకముందే గృహనిర్మాణ శాఖ అసిస్టెంట్ ఇంజినీరుకు (ఏఈ) చెప్పి, వేరే చోట స్థలం ఉందేమో చూడడం తెలివైన పని. కూల్చాక ఆ పాత ఇంటికి మరమ్మతు హక్కు కూడా ఉండదు.

తెలంగాణలో ఇళ్ల ప్లాను అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టంతో 75 గజాలలోపు ఇళ్లకు రిజిస్ట్రేషన్, 500 చదరపు మీటర్ల స్థలం, 10 మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి వచ్చాయి. సౌకర్యమే గానీ ఇక్కడ అదే ఉచ్చు. వారసత్వ కట్టడం దగ్గర లేదని ధ్రువీకరించేది మీరే కాబట్టి, తప్పని తేలితే బాధ్యతా మీదే. ఎన్ఓసీ ముందు, ప్లాను అనుమతి తర్వాత. రెండు చోట్లా ఒకే డ్రాయింగు వెళ్లాలి. మున్సిపాలిటీ సెట్‌బ్యాకుల (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) కోసం మార్చిన ప్లాను ఎన్ఎంఏ చూసిన ప్లానుతో కలవకపోతే, అనుమతి ఉండీ లేనట్టే.

అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిషిద్ధ, నియంత్రిత ప్రాంతాలు రెండింటికీ ఇదే శిక్ష. కూల్చివేత ఉత్తర్వు వేరు. పని నడుస్తుండగా కట్టడానికి హాని ఉందని తోస్తే ఎన్ఎంఏ సిఫారసుతో ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే అధికారమూ ఉంది.

ఉత్తర్వు నకలు లామినేట్ చేయించి పని దగ్గర పెట్టండి, మేస్త్రీకి షరతులు చదివి వినిపించండి. పునాది తవ్వుతుంటే చెక్కిన రాయి, పాత ఇటుక వరస, నాణేలు బయటపడితే పని ఆపి, ఉన్నచోటనే ఉంచి, పురావస్తు శాఖ ఉప కార్యాలయానికి, తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలపాలి.