జనం మధ్య ఇరుక్కుపోతే: ఏం జరుగుతోంది, ఏం చేయాలి

2027లో గోదావరి పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. 2015 జూలై 14న, తొలిరోజే, రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర 27 మంది చనిపోయారు. ఇలాంటి వార్త వినగానే ‘జనం కంగారుపడి తొక్కుకున్నారు’ అనేస్తాం. నిజానికి చాలామంది కాళ్ల కింద పడి కాదు, ఛాతీ నొక్కుకుపోయి నిలబడే ప్రాణం వదులుతారు. చోటు ముందు పోతుంది, కంగారు తర్వాత వస్తుంది. కాబట్టి చోటు తగ్గుతున్నప్పుడే గుర్తుపట్టాలి.

సమస్య: అన్ని పక్కలా మనుషులు ఒంటికి తగులుతున్నారు

కారణం: చదరపు మీటరుకు నలుగురి దాకా ఉంటే మన అడుగు మన చేతిలో ఉంటుంది. ఐదుగురు దాటితే ప్రమాదం మొదలైనట్టే.

పరిష్కారం: చేతులు ఎత్తి ముఖం తుడుచుకోగలరేమో చూడండి. కష్టంగా ఉంటే వెంటనే బయటికి వచ్చేయండి, ఇంకాసేపటికి రాలేరు. పుష్కర స్నానం పన్నెండు రోజుల్లో ఎప్పుడైనా, ఏ రేవులోనైనా చేయొచ్చు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు బయల్దేరే ముందే చెప్పి ఒప్పించండి. ఘాట్ కనిపించాక ఎవరూ వినరు.

సమస్య: మీరు అడుగు వేయకుండానే ముందుకీ వెనక్కీ ఊగుతున్నారు

కారణం: చదరపు మీటరుకు ఆరేడుగురు చేరితే ఒకరి ఒత్తిడి ఇంకొకరి మీదుగా అలలా పాకుతుంది. ఎవరూ కావాలని తోయక్కర్లేదు. వెనకవాళ్లకు ముందేం జరుగుతోందో తెలియదు.

పరిష్కారం: రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి, ఒక కాలు కాస్త ముందుకి. ఛాతీకీ ముందున్న మనిషి వీపుకీ మధ్య ఆ కొద్ది ఖాళీ ఉంటేనే ఊపిరి లోపలికి వెళ్తుంది. ఊపు వస్తే ఎదురు తోయకండి, దానితో పాటే కదలండి. అది ఆగిన క్షణంలో ఏటవాలుగా అంచు వైపు రెండడుగులు వేయండి. మళ్లీ ఊపు, మళ్లీ రెండడుగులు. గోడకీ బారికేడ్‌కీ మాత్రం ఆనుకోవద్దు, అక్కడే ఎక్కువ నలిగిపోతారు. చెప్పు ఊడినా, ఫోన్ పడినా వంగొద్దు. పిల్లల్ని పైకి ఎత్తుకోండి.

సమస్య: గుండె దడ, టెన్షన్, ఏమీ తోచడం లేదు

పరిష్కారం: అరిస్తే ఉన్న ఊపిరి కూడా ఖర్చవుతుంది. నెమ్మదిగా వదలండి, వదలడం మీదే మనసు పెట్టండి. పక్కనున్న మనిషితో ‘అమ్మా, ఇటు జరుగుదాం’ అని మామూలు గొంతుతో అనండి. ఇద్దరికీ ధైర్యం వస్తుంది.

సమస్య: కింద పడిపోయారు, లేవలేకపోతున్నారు

పరిష్కారం: బోర్లా, వెల్లకిలా వద్దు. పక్కకి తిరిగి మోకాళ్లు ఛాతీ దగ్గరికి ముడుచుకుని చేతులతో తల కప్పుకోండి. సందు దొరగ్గానే లేవండి.

సమస్య: ‘గేటు తీశారు’ అనగానే అందరూ ఒక్కసారిగా పరుగు

కారణం: ఎంతోసేపు నిలబడ్డ అలసట, దొరకదేమోనన్న భయం. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లలో ఆరుగురు పోయారు. గేటు తెరవగానే టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా కదిలారని అప్పట్లో వార్తలొచ్చాయి.

పరిష్కారం: ఆ క్షణంలో పక్కకి తప్పుకోండి. పరుగెత్తిన మొదటి వందమందిలో మీరు ఉండకపోతే ఏమీ పోదు.

సమస్య: ముందు జనం నలిగిపోతున్నారు, వెనక నుంచి వస్తూనే ఉన్నారు

కారణం: కబురు వెనక్కి చేరడం లేదు. 2022 అక్టోబర్ 29న సియోల్‌లోని ఇటేవాన్‌లో సుమారు మూడు మీటర్ల వెడల్పు సందులో జరిగిన దుర్ఘటన 159 మందిని బలి తీసుకుంది. ప్రమాదం ఉందని పోలీసులకు తొలి ఫోన్ వెళ్లింది అంతకు దాదాపు నాలుగు గంటల ముందే. ఆ ఫోన్‌ను పట్టించుకుని ఉండాల్సింది.

పరిష్కారం: అంచున ఉన్నవాళ్లు, మెట్ల మీద, అరుగుల మీద ఉన్నవాళ్లు అందరూ కలిసి ‘వెనక్కి, వెనక్కి’ అని ఒకే మాట గట్టిగా అనాలి. 112కి ఫోన్ చేసి చోటు చెప్పి, ‘ఊపిరాడటం లేదు, వెనకనుంచి జనాన్ని ఆపండి’ అనండి. బయటపడ్డాక నడవగలుగుతున్నా ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే 108 పిలిచి ఆసుపత్రికి వెళ్లండి.