విమానంలో మాట, 4వ పాఠం: పదిహేనా, యాభయ్యా?

పోయిన పాఠంలో మీ గొంతు మీరే రికార్డు చేసుకుని వినమన్నాను. విన్నారా? మొదటిసారి ఎవరికీ తమ గొంతు నచ్చదు, దాని గురించి దిగులు పడకండి. ఈసారి ఆ రికార్డింగులో అంకెలు ఒక్కటే పట్టుకుందాం. యాస వల్ల ఒక మాట అటూ ఇటూ అయినా చుట్టూ ఉన్న మాటలను బట్టి అర్థం చేసుకోవచ్చు. విమాన సిబ్బందిగా మీరు ప్రయాణికులకు చెప్పే గేటు నంబరుకి, సీటు నంబరుకి ఆ వీలు లేదు.

ముందు కాక్‌పిట్ సంగతి. రేడియోలో పైలట్లు త్రీ అనరు, 'ట్రీ' అంటారు. ఫైవ్‌ని 'ఫైఫ్' అనీ, నైన్‌ని 'నైనర్' అనీ, థౌజండ్‌ని 'టౌజండ్' అనీ పలకాలని నియమం. త్రీలో నాలుక పళ్ల మధ్యకు తెచ్చి పలికే శబ్దం చాలా భాషల్లో లేదు. ఫైవ్, నైన్ రెండిట్లోనూ ఉన్నది ఒకే అచ్చు, రేడియో గరగరలో ఒకటి ఇంకోటిలా వినిపిస్తుంది. ప్రపంచంలోని పైలట్లందరి నాలుకలూ సరిచేయడం కుదిరే పని కాదు కాబట్టి ఆ మాటలనే మార్చేశారు. నాకు ఈ తెలివి చాలా ఇష్టం.

పైలట్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్షలోనూ ఇదే పద్ధతి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, పెట్టిన స్థాయిలు ఆరు. అంతర్జాతీయ విమానాలు నడపాలంటే కనీసం నాలుగోది రావాలి. అన్నిటికన్నా పైదైన ఆరో స్థాయిలో కూడా మాతృభాష యాస ఉండొచ్చు. అది అర్థానికి అడ్డం రాకపోతే చాలు.

అయితే పలుకు బాగున్నంత మాత్రాన పని అయిపోదు. 1989లో కౌలాలంపూర్ దగ్గర దిగుతున్న ఒక కార్గో విమానానికి 2,400 అడుగులకు దిగమని నేల మీద నుంచి దారి చెప్పే కంట్రోలర్ చెప్పాడు: 'డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో'. ఇంగ్లీషులో రెండు అనే 'టూ'కీ, 'కి' అనే 'టూ'కీ పలుకు ఒకటే. ఆ 'టూ'ని పైలట్లు అంకెగా తీసుకోలేదు, '400కి' అనుకున్నారు. 'ఓకే, ఫోర్ జీరో జీరో' అని తిరిగి చెప్పారు కూడా. అటువైపు ఎవరూ దిద్దలేదు. విమానం కొండను ఢీకొని నలుగురూ చనిపోయారు. తిరిగి చెప్పడం ఎంత ముఖ్యమో, తిరిగి చెప్పింది చెవిపెట్టి వినడమూ అంతే ముఖ్యం.

ఇక క్యాబిన్. ప్రయాణికుడికి తిరిగి చెప్పే అలవాటు ఎవరూ నేర్పలేదు, తల ఊపేస్తాడు. ఒకసారి నేనే గేటు ఫిఫ్‌టీన్ అంటే ఫిఫ్టీ అని విని, హడావిడిగా టర్మినల్ ఆ చివరి దాకా నడిచాను. ఫిఫ్‌టీన్‌లో ఊనిక, అంటే ఒత్తి పలికే బలం, చివర పడుతుంది, ఫిఫ్టీలో మొదట. తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. పైగా మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకని ఇంగ్లీషు మాట చివరి 'న్'ని తొందరలో మింగేస్తాం, లేదా 'ఫిఫ్టీను' చేస్తాం. మందు సులువే: 'ఫిఫ్‌టీన్, వన్ ఫైవ్' అని రెండు రకాలుగా చెప్పండి. గొంతు పెంచకండి, అంకె ముందు చిన్న విరామం ఇవ్వండి.

తరవాత 'అర్థమైందా?' అని అడగకండి. దానికి వచ్చే జవాబు ఎప్పుడూ అవుననే. 'మీది ఏ గేటో ఒకసారి చెప్తారా?' అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. ఎమర్జెన్సీ తలుపు పక్క వరుసలో ఇది మరీ అవసరం. అమెరికా నిబంధనల ప్రకారం సిబ్బంది నోటితో ఇచ్చే సూచనలు అర్థం చేసుకోలేనివాళ్లను అక్కడ కూర్చోబెట్టకూడదు. తల ఊపితే అర్థమైనట్టు లెక్క కాదు.

ప్రయాణికుడి యాస మీకు అందకపోతే? 'వాట్?' అని మూడుసార్లు అంటే అతనికి టెన్షన్ పెరిగి ఇంకా వేగంగా మాట్లాడతాడు. మీకు వినిపించినంత మీరే చెప్పి, అందని ముక్క ఒక్కటే అడగండి: 'వరుస ట్వెల్వ్ అన్నారు, సీటు అక్షరం ఏదండీ?'

ఈ వారం పని. ఒక తోడు కావాలి. ఇద్దరూ వీపులు ఆనించి కూర్చోండి, పక్కన ఫ్యానో మిక్సీయో మోగనివ్వండి. 13 నుంచి 19 దాకా ఉన్న అంకెలనూ, 30 నుంచి 90 దాకా ఉన్న పదులనూ కలగాపులగంగా ఇరవై చదవండి, అవతలివాళ్లు రాయాలి. తరవాత స్థానాలు మార్చుకోండి. తప్పు పోయినవాటికి సున్నా చుట్టి ఆ కాగితం దాచండి, అయిదో పాఠం దాంతోనే మొదలుపెడదాం.