డే కేర్ నడుపుతూనే పీజీ చేయాలంటే

డే కేర్ సెంటర్ నడుపుతూ అదే రంగంలో పీజీ చేద్దామనుకుంటే ముందు చూడాల్సింది కాలేజీ పేరు కాదు, సిలబస్. పిల్లల ఎదుగుదల మీదే నాలుగైదు పేపర్లు పెట్టి, బడ్జెట్, స్టాఫ్ నిర్వహణ, లైసెన్స్ నిబంధనలు అన్నీ కలిపి ఒక్క పేపర్లో కుక్కేశారంటే అది టీచర్ల కోర్సు, మీకు అంతగా పనికిరాదు.

మన పని వేరు కదా. పొద్దున ఏడింటికి ఒక టీచర్ రాలేనని ఫోన్ చేస్తుంది, పసిపిల్లల గదిలో ఎనిమిది మందికి ఒక్కరే మిగులుతారు, ఏ గదిలోంచి ఎవరిని తెచ్చినా అక్కడ ఎంతమంది పిల్లలకి ఎంతమంది టీచర్లన్న లెక్క తప్పుతుంది. ఆ టెన్షన్‌కి మంచి కోర్సులో ముందస్తు ప్లానింగ్ నేర్పిస్తారు.

డబ్బు లెక్కలూ అంతే. ఒక సీటు ఖాళీ అయినంత మాత్రాన అద్దె తగ్గదు, జీతాలు తగ్గవు. అందుకే ఒక్కో పిల్లాడి ఫీజులోంచి తిండికీ, సామాన్లకీ అయ్యే ఖర్చు తీసేసి, మిగిలినదానితో నెలవారీ స్థిర ఖర్చుని భాగించండి. కనీసం ఎన్ని సీట్లు నిండాలో తేలిపోతుంది. నేనైతే ఇది చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఫుల్‌టైమ్ అయితే మామూలుగా 2 ఏళ్లు, పార్ట్‌టైమ్ అయితే ఇంకాస్త ఎక్కువ. కోర్సులో వీలుంటే మొదటి సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టే తీసుకోండి. చేరకముందే ఒకటి అడగండి: ప్రాజెక్టు మన సెంటర్‌లోనే చేసుకోవచ్చా అని. కుదరదంటే ఇంకో కోర్సు చూసుకోండి.