ఎస్ప్రెసో మెషిన్‌లో సున్నం గడితే నిమ్మ ఉప్పు

బోరు నీళ్లు పోసే ఇళ్లలో ఎస్ప్రెసో మెషిన్ కొన్నాళ్లకే మొరాయిస్తుంది. కాఫీ సన్నగా కారుతుంది, ఆవిరి గొట్టం సరిగా ఊదదు. లోపల సున్నం గట్టిందన్నమాట.

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. లీటరు చల్లటి నీళ్లలో 20 గ్రాములు (సుమారు నాలుగు టీస్పూన్లు) పూర్తిగా కరిగించి ట్యాంకులో పోయండి. కాఫీ పొడి వేయకుండా మెషిన్ ఆన్ చేసి, కాఫీ వచ్చే చోటు నుంచి ఒక కప్పు, ఆవిరి గొట్టం నుంచి ఇంకాస్త వదిలి, ఆపేసి 20 నిమిషాలు ఉంచండి. ట్యాంకులో మిగిలిందీ అలాగే బయటికి పోనివ్వాలి. తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్లు పోనివ్వండి, పులుపు పోయేదాకా. వెనిగర్ జోలికి మాత్రం పోకండి, ఆ కంపు ఓ పట్టాన వదలదు.

బాయిలర్ (మెషిన్ లోపల నీళ్లు కాగే పాత్ర) అల్యూమినియందైతే ఇది వద్దు, లోహాన్ని తినేస్తుంది. మాన్యువల్‌లో చెప్పిన మందే వాడాలి.